ఇరవై నాలుగో పేజీ

ఆదోనిలోని ఆ ఆఫీసులో తెలుగు టైపు మిషను ఒకటే ఉండేది. దాని మీద చేయి తిరిగినవాడు కూడా ఒక్కడే. అతని పేరు మాదన్న, ఊరు గోనెగండ్ల. ఇంట్లో అతనికి ముందు అందరూ కూలికి పోయినవాళ్ళే. వేలిముద్ర తప్ప సంతకం ఎరగని ఇల్లు అది. మాదన్న ఎమ్మిగనూరులో హైస్కూలు, ఆదోనిలో బి.ఏ. చదివాడు. తెలుగు టైపు పరీక్షలు రెండూ పాసై, కార్మికుల తగాదాలు విచారించే ఆ ఆఫీసులో తాత్కాలికపు టైపిస్టుగా చేరాడు.

తాత్కాలికం అంటే ఎనభై తొమ్మిది రోజులు. తొంభయ్యో రోజు కూడా పనిచేస్తే ఏవో హక్కులు పుట్టుకొస్తాయట. అందుకని ఎనభై తొమ్మిదో రోజు సాయంత్రానికి ఆర్డరు తెగిపోయేది. ఒక రోజు ఇంట్లో కూర్చుంటే ఆ మర్నాటినుంచి ఇంకో ఆర్డరు. ఆ ఒక్క రోజు గోనెగండ్లకు పోతే తల్లి అంజినమ్మ వీధిలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ "మావోనికి ఈ పొద్దు సెలవు" అని చెప్పుకునేది. మాదన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు. అట్లా ఆరు ఆర్డర్లు గడిచాయి. ఏడోది వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. పై అధికారి శేషన్న సార్ సంతకం పెడితే వస్తుంది, పెట్టకపోతే రాదు.

1985 మొదట్లో ఒక జిన్నింగు మిల్లులో ప్రమాదం జరిగింది. పత్తి గింజలు తీసే మిషను బెల్టులో పడి ఉచ్చీరమ్మ అనే కూలిమనిషి కుడిచేయి మోచేతిదాకా పోయింది. ఆమె పైట అజాగ్రత్తగా వేసుకుని బెల్టు దగ్గరికి పోయిందని మిల్లువాళ్ళు అన్నారు. కాదని తోటి కూలీలు అన్నారు. విచారణకు ముగ్గురితో ఒక కమిటీ వేశారు. శేషన్న సార్ ఒకరు, పత్తి వ్యాపారి అబ్దుల్ గనీ ఒకరు, ఎమ్మిగనూరులో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన యూసుఫ్ సాబ్ ఒకరు. యూసుఫ్ సాబ్ మాదన్నకు చదువు చెప్పిన అయ్యవారు. విచారణ వారం రోజులు సాగింది. నివేదిక తెలుగులోనే పంపాలని కర్నూలులోని జిల్లా ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది కాబట్టి అదంతా మాదన్న నెత్తిన పడింది.

శేషన్న సార్‌కు చెప్పిందే మళ్ళీ చెప్పే అలవాటు. సాక్షుల దగ్గర చెప్పింది సాక్ష్యాల సమీక్షలో, సమీక్షలో చెప్పింది అభిప్రాయంలో, అభిప్రాయంలో చెప్పింది ముగింపులో. మొదటి చిత్తు డెబ్బై పేజీలు దాటింది. మాదన్న రెండు రోజులు ఆలోచించి, భయపడుతూనే అన్నాడు.

"సార్, ఒక్కసోట నిండుగా సెప్పి, తక్కిన సోట్ల 'ఫలానా పేరా చూడుము' అంటే సాలదా సార్?"

"చదివేవానికి తిక్క లేస్తాదేమోరా, ముందుకూ వెనక్కూ తిప్పలేక."

"పేరాలకు వరసగా నంబర్లు ఇస్తాను సార్. ప్రతి భాగానికీ పైన పేరు పెట్టి గీత కొడతాను. యాడుండాదో ఇట్టే దొరుకుతాది."

అన్నట్టే చేశాడు. ఏ పేరా ఏ పేరాను చూపిస్తుందో ఒక నోటుబుక్కులో రాసుకున్నాడు. పేజీ అడుగున నడిమధ్య నంబరు, ఎడమపక్క ముగ్గురి పొడి సంతకాలకు జాగా వదిలాడు. కుడిపక్క మూలన తర్వాతి పేజీలో మొదట వచ్చే మాట కొట్టాడు. ఈ చివరిది యూసుఫ్ సాబ్ నేర్పిన అలవాటు. వాళ్ళ తాతల నాటి చేతిరాత పుస్తకాల్లో పేజీ నంబర్లు ఉండేవి కావట. అడుగున ఒక మాట రాసి ఉంటుంది, అదే మాటతో తర్వాతి పేజీ మొదలవుతుంది. కుట్టు ఊడిపోయినా ఆ మాటను పట్టుకుని వరస పెట్టుకోవచ్చు. క్లాసులో పరీక్ష పేపర్లకు కూడా పిల్లల చేత అట్లాగే రాయించేవాడు. "కింది మాట రాయనోనికి ఐదు మార్కులు కట్" అనేవాడు. ఆ ఐదు మార్కుల భయం మాదన్న వేళ్ళలో ఇంకా ఉంది.

నివేదిక యాభై రెండు పేజీలకు దిగింది. శేషన్న సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "శభాష్‌రా, కర్నూల్లో కూడా ఇంత సుబ్బరంగా ఎవడూ కొట్టడు" అన్నాడు. మాదన్నకు ఆ రోజు అన్నం సహించలేదు, సంతోషంతో.

నివేదికలో నలభై ఒకటో పేరా ఇరవై నాలుగో పేజీలో ఉంది. పైన 'హులిగెమ్మ వాంగ్మూలము' అని పేరు, కింద గీత, ఆ కింద పందొమ్మిది లైన్లు. హులిగెమ్మ ఊరు కన్నడ సరిహద్దులోని హొళగుంద. ఉచ్చీరమ్మ పక్క మిషను దగ్గర పనిచేసేది. ఆమె చెప్పింది ఇదీ. బెల్టుకు అడ్డంగా ఒక ఇనుప జాలీ ఉండేది. అందులో పత్తి నూగు ఇరుక్కుని మాటిమాటికీ మిషను ఆపాల్సి వస్తోందని ప్రమాదానికి ముందురోజు మేస్త్రీ దాన్ని పీకించి గోడకు ఆనించాడు. మర్నాడు పొద్దున పనికి వచ్చిన ఆడవాళ్ళు తమ సద్దిమూటలు ఆ జాలీకే తగిలించారు. పదకొండు గంటలకు ఉచ్చీరమ్మ చేయి పోయింది. ఆ గోలలో మూటలు ఎవరూ తీసుకోలేదు, సాయంత్రం దాకా జాలీకి వేలాడుతూనే ఉన్నాయి.

జాలీ సంగతి తొణక్కుండా చెప్పిన సాక్షి ఆమె ఒక్కతే. తక్కినవాళ్ళు "మాకు తెలీదు సామీ" అన్నారు.

నివేదిక మంచి ప్రతి కొట్టేముందు ఆ వాంగ్మూలం చదివి వినిపించాక హులిగెమ్మ వేలిముద్ర వేసి, సిరా వేలిని గోడకు తుడిచి, మాదన్న బల్ల దగ్గరికి వచ్చింది.

"నా మాట యాడ రాసినావణ్ణా?"

"ఇరవై నాలుగో పేజీలో కొడతానక్కా. ఇట్ల ఉంటాది సూడు," అని ఒక చిత్తు కాగితం అడుగున రెండూ నాలుగూ రాసి చూపించాడు. "ఇది రెండు. ఇది నాలుగు."

"మాకు సదువు రాదు గాని, బస్సు మీద నంబర్లు గుర్తుపడతాను. రెండు, నాలుగు." ఆ కాగితం ముక్కను మడిచి, తాంబూలం సంచిలో పెట్టుకుంది.

ముగ్గురూ అన్ని పేజీలకూ పొడి సంతకాలు పెట్టారు. కర్నూలుకు పోయే అసలు ప్రతికీ, ఆఫీసులో ఉండే కార్బను ప్రతికీ, రెండింటికీ. ఇక కుట్టి, లక్క ముద్ర వేసి, శనివారం పంపడమే మిగిలింది. శనివారం మాదన్న ఎనభై తొమ్మిదో రోజు కూడా.

బుధవారం పొద్దున శేషన్న సార్ పిలిచాడు. ముందురోజు కర్నూలు నుంచి మిల్లువాళ్ళకు కావలసిన లీడరు ఒకాయన ఫోను చేయడం, సార్ నిలబడి మాట్లాడటం మాదన్న చూశాడు. ఇప్పుడు ఆయన బల్ల మీద నివేదిక తెరిచి ఉంది. పక్కన మాదన్న ఆర్డరు ఫైలు కూడా ఉంది.

"ఇరవై నాలుగు మార్చల్ల మాదన్నా."

"తప్పేమన్నా ఉండాదా సార్?"

"తప్పు ల్యా. ఆయమ్మ మాట వద్దంటాండారు."

మాదన్నకు మొదట తట్టింది పని. "నలభై ఒకటి తీసేస్తే నలభై రెండు నలభై ఒకటి అయితాది సార్. నంబర్లన్నీ మారతాయి. పదకొండు సోట్ల దాన్ని చూడుమన్నాం. సగానికి పైగా తిరగ కొట్టల్ల. అన్నిటికీ మళ్ళా మూడు సంతకాలు…"

"తీసేయమని నేను అన్లేదు గదరా," అన్నాడు శేషన్న సార్ కిటికీ వైపు చూస్తూ. "పేరు అదే, నంబరు అదే, పందొమ్మిది లైన్లూ అవే. లోపల మాత్రం వేరే రాయి. ఒక్క పేజీ మారిస్తే సాలు. తక్కిన యాభై ఒకటీ ముట్టుకునే పన్ల్యా. నువ్వు కట్టిందే గదా, ఎంత బాగా కట్టినావంటే ఒక రాయి మారిస్తే గోడంతా మారిపోతాది."

అప్పుడు అర్థమైంది మాదన్నకు. పాత డెబ్బై పేజీల చిత్తులో జాలీ మాట పదకొండు చోట్ల ఉండేది. పదకొండు చోట్ల తుడిచేయడం ఎవరి తరమూ కాదు. దాన్ని ఒక్కచోటికి చేర్చింది తనే. ముగింపులో కూడా 'ప్రమాద కారణమునకు 41వ పేరా చూడుము' అనే ఉంది. ఆ పేరాలో ఏముంటే అదే కారణం.

"ఏం రాయమంటారు సార్?"

"బి.ఏ. సదివినావు. ఏదో ఒకటి. ఆయమ్మ వయసు, ఊరు, ఎన్నేండ్లుగా పనిచేస్తాంది, నెమ్మదస్తురాలు. ఏమీ సెప్పకుండా సెప్పు." ఆయన ఫైలు మీద వేలితో చిన్నగా కొట్టాడు. "ఇది నేను సోమవారానికి పెట్టుకున్నా. నాకూ రెండేండ్లు ఉండాది సర్వీసు. నన్ను ఇంకేమీ అడగొద్దు నాయనా."

గద్దించి ఉంటే మాదన్నకు ఏదో ఒకటి నోటికి వచ్చేదేమో. ఆయన బతిమాలాడు. మాదన్న "సరే సార్" అని బయటికి వచ్చాడు.

గురువారం మిషను ముందు కూర్చున్నాడు. రెండు కాగితాల మధ్య కార్బను పెట్టి ఎక్కించాడు. ఇరవై మూడో పేజీ కింది మాట 'హులిగెమ్మ' కాబట్టి ఇదీ హులిగెమ్మతోనే మొదలవ్వాలి. ఇరవై అయిదు 'తదుపరి' అని మొదలవుతుంది, కాబట్టి దీని కింది మాట 'తదుపరి' కావాలి. రెండు వైపులా తలుపులు వేసి, మధ్యలో నిలబడమన్నట్టుంది. 'హులిగెమ్మ, హొళగుంద వాస్తవ్యురాలు, వయస్సు సుమారు ముప్పది సంవత్సరములు' అని కొట్టాడు. అది ఒక్క లైను. ఇంకా పద్దెనిమిది. మిల్లుకు ఎంత పొద్దున వస్తుందో కొట్టాడు. హాజరు పట్టీలో ఆమె పేరు ఎన్నో వరసలో ఉందో కొట్టాడు. ఆ రోజు వాతావరణం పొడిగా ఉందని కూడా కొట్టాడు. జీవితంలో అతను సొంతంగా రాసిన మొదటి రాత అదే. అప్పటిదాకా అన్నీ ఇతరులు చెప్పినవే కొట్టాడు.

పన్నెండో లైనులో ఉండగా వాకిట్లో గాజుల చప్పుడైంది. హులిగెమ్మ. చేతిలో చిన్న గుడ్డమూట ఉంది.

"అణ్ణా, శెనక్కాయలు. ఉచ్చీరమ్మ పంపినాది, ఎడమచేత్తోనే ఒలిచినాది. కాగితం పోయినాదేమో అడిగిరమ్మన్నాది."

"శనివారం పోతాదక్కా."

"మేస్త్రీ నన్ను పన్లోకి రానీల్యా. పత్తి సేన్లకు పోతాండాను. పోతే పోనీ అన్నాను. నీ మాట యాడుండాది సూపీ అని నవ్వినాడు. ఇరవై నాలుగో కాగితంలో ఉండాది పో అన్నాను." ఆమె మెడ సాచి మిషనులోని కాగితం వైపు చూసింది. అడుగున ముందే కొట్టిన నంబరు రోలరు మీదుగా పైకి కనబడుతోంది. "హౌదు, అదే గదా! రెండు, నాలుగు! ఇదేనా నాది?"

మాదన్న చేతులు కీల మీద నుంచి లేవలేదు. "ఇదేనక్కా."

"మళ్ళా కొడతాండావా?"

"మసకగా వచ్చినాది. అందుకని."

"కొట్టు కొట్టు. బాగా కనపడేట్టు కొట్టప్పా." శెనక్కాయల మూట బల్ల మీద పెట్టి పోయింది.

ఎదురు బల్ల దగ్గర సీనియర్ గుమాస్తా సుబ్బన్న అప్పటిదాకా పేపరు చాటున ఉన్నాడు. ఆమె పోయాక మూట విప్పి నాలుగు కాయలు తీసుకున్నాడు. "నువ్వు తినవా?" అన్నాడు. మాదన్న పదమూడో లైనుకు రోలరు తిప్పాడు. "తినకపోతే మేలు. అరగవు," అని సుబ్బన్న మూట మళ్ళీ కట్టి అతని వైపు తోశాడు.

సాయంత్రం మాదన్న అబ్దుల్ గనీ అంగడికి పోతే ఆయన పత్తి నమూనాలు చూస్తూ, "అచ్చరాలు బాగుండాయప్పా," అని చదవకుండానే రెండు ప్రతులకూ పొడి సంతకాలు పెట్టేశాడు.

ఇక మిగిలింది యూసుఫ్ సాబ్.

శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి మాదన్న ఎమ్మిగనూరు చేరాడు. నమాజు వేళకు ముందే పోవాలని తొందర. యూసుఫ్ సాబ్ ఉండే సందులో ఇరుపక్కలా మగ్గాలు. ఆ చప్పుడు మధ్య నడుస్తుంటే, స్కూలుకు ఆలస్యమై పరిగెత్తిన రోజుల్లో లాగా అడుగులు వాటంతట అవే వేగంగా పడ్డాయి. తలుపు తీసింది యూసుఫ్ సాబ్ భార్య నసీబ్‌బీ.

"అయ్యో, కింది మాట శిష్యుడు వచ్చినాడు! ఏందప్పా, ఇంత సన్నబడినావు? ఆఫీసులో కాగితాలే పెడతారా తినేదానికి?"

లోపల మంచం మీద యూసుఫ్ సాబ్ కూర్చుని ఉన్నాడు. విచారణ అయిపోయిన పది రోజులకే ఆయన కంటికి ఆపరేషన్ జరిగింది. ఒక కంటికి గుడ్డ కట్టి ఉంది. రెండో కన్ను వెలుగును మాత్రం గుర్తుపడుతుంది.

"రా బేటా. మళ్ళా ఏం తప్పొచ్చింది?"

"తప్పేం కాదు సార్. ఇరవై నాలుగు మీద సిరా పడినాది. తిరగ కొట్టినా. మీ సంతకం కావల్ల." దారి పొడుగునా ఆ మాటలే అప్పజెప్పుకుంటూ వచ్చాడు.

"నువ్వు కొట్టినావా? అయితే సూసే పన్ల్యా. సూద్దామన్నా కన్ను ల్యా," అని నవ్వాడు. "అయినా అలవాటు పోనీకూడదు. ఇరవై మూడు కింది మాట ఏంది?"

"హులిగెమ్మ సార్."

"ఇరవై నాలుగు మొదలు?"

"హులిగెమ్మ వాంగ్మూలము."

"చదువు."

మాదన్న కాగితం రెండు చేతులా పట్టుకున్నాడు. వయసు, ఊరు, హాజరు పట్టీ, పొడి వాతావరణం, అన్నీ నల్లగా, స్పష్టంగా కనబడుతున్నాయి. ఈ మనిషి హులిగెమ్మ ఎదురుగా కూర్చుని ఆమె మాట చెవులారా విన్నాడు. ఆ రోజు ఆయనే "తల్లీ, మూటలు యాడ తగిలించినారు? నిదానంగా సెప్పు" అని అడిగాడు. ఆ ప్రశ్న లేకపోతే ఆ జవాబే లేదు. ఇప్పుడీ పందొమ్మిది లైన్లు చదివితే ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. చదవకపోతే సంతకం లేదు.

నోరు తెరిచాడు. "పనిలోకి వచ్చినప్పుడు మా సద్దిమూటలు పెట్టుకొనుటకు తావు లేక, గోడకు ఆనించియున్న ఇనుప జాలీకి తగిలించినాము. అది ముందు దినము వరకు బెల్టుకు అడ్డముగా ఉండెడిది…"

పాత పేరా. చిత్తులో రెండుసార్లు, మంచి ప్రతిలో ఒకసారి కొట్టిన పేరా. మొదట ఒక వాక్యం చెప్పి ఏదో ఒకటి చేద్దామనుకున్నాడు. ఒకటి వచ్చాక రెండోది ఆగలేదు. మేస్త్రీ పేరు, నూగు ఇరుక్కోవడం, పదకొండు గంటల వేళ, కేక, సాయంత్రం దాకా వేలాడిన మూటలు. చేతిలో ఒక కాగితం, నోట్లో ఒక కాగితం.

యూసుఫ్ సాబ్ తలవంచుకుని విన్నాడు.

"నువ్వు చదవల్యా," అన్నాడు.

మాదన్న చేతిలోని కాగితాన్ని కిందికి దించాడు.

"చూసి చదివేవాడు లైను కొసన ఒక రవ్వ ఆగుతాడు బేటా. ముప్పై ఏండ్లు పిల్లోళ్ళ చదువు విన్నా. నువ్వు ఆగల్యా. నీకు కంఠతా వచ్చేసినాది."

"వచ్చేసినాది సార్."

"నాకూ వచ్చినాది. ఆయమ్మ గొంతుతో సహా వచ్చినాది. నీకూ నాకూ వస్తే ఏం లాభం? కర్నూల్లో ఉండేవానికి యాడ వస్తాది? దానికే గదా ఈ కాగితం." చేయి చాపాడు. "యాడ పెట్టల్ల? చూపీ."

ఆయన చూపుడువేలిని పట్టుకుని మాదన్న పేజీ అడుగున ఎడమపక్క ఆనించాడు. ఆ వేలు పక్కనే యూసుఫ్ సాబ్ కలం పెట్టి పొడి సంతకం చేశాడు. ఇంకో ప్రతి మీద కూడా అట్లాగే చేశాడు. ఎప్పుడో పలక మీద అ, ఆ దిద్దించడానికి ఆ చేయి తన చేతిని పట్టుకుందని మాదన్నకు జ్ఞాపకం వచ్చింది. హైస్కూల్లో చేరినప్పుడు అతనికి కొన్ని అక్షరాలు సరిగ్గా వచ్చేవి కావు.

నసీబ్‌బీ టీ తెచ్చింది. "తాగకుండా లేస్తావేందప్పా?" అని ఆమె అంటుండగానే "బస్సు పోతాదమ్మా" అని బయటపడ్డాడు. బస్సుకు ఇంకా గంట ఉంది. స్టాండులో ఎండలో నిలబడ్డాడు.

శనివారం మధ్యాహ్నం శేషన్న సార్ కొత్త పేజీని మొదటినుంచి చివరిదాకా చదివాడు. "పొడి వాతావరణమా?" అని ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ దించి, రెండు ప్రతులకూ సంతకం పెట్టాడు. తర్వాత ఆర్డరు ఫైలు తెరిచి అక్కడ కూడా పెట్టాడు. ఒకే కలం, ఒకే సిరా. "సోమవారం నుంచి ఏడోది. ఈపారి పర్మనెంటుకు కూడా రాస్తా. పాత కాగితం సంగతి నన్నడగొద్దు. నువ్వే చూసుకో."

మాదన్న రెండు కట్టలూ తన బల్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. దబ్బనం, దారం, లక్క, కొవ్వొత్తి సిద్ధంగా ఉన్నాయి. సొరుగులో పాత ఇరవై నాలుగు ఉంది, అసలూ కార్బనూ రెండూ. వాటి మీద కూడా మూడేసి సంతకాలు ఉన్నాయి. సిరా ఎక్కడా పడలేదు. పక్కన శెనక్కాయల మూట ఇంకా అట్లాగే ఉంది.

కర్నూలు కట్ట మొదట ముందుకు తీసుకున్నాడు. ఇరవై మూడు వేశాడు. కింది మాట హులిగెమ్మ. దాని మీద రెండు కాగితాల్లో ఏది పెట్టినా వరస కుదురుతుంది. కిందా పైనా చక్కగా అతుకుతుంది. ముద్ర పడ్డాక లోపల ఏది పోయిందో తెలిసేది తనొక్కడికే. చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. "ఏమప్పా, దారం సిక్కు పడినాదా?" అని సుబ్బన్న అడిగాడు. "ల్యా" అన్నాడు మాదన్న. పాత పేజీ తీసి పెట్టాడు. దాని మీద ఇరవై అయిదు వేసి, ఇంకేమీ ఆలోచించకుండా దబ్బనం గుచ్చేశాడు.

ఆఫీసు ప్రతి దగ్గరికి వచ్చేసరికి ధైర్యం అయిపోయింది. అది సుబ్బన్న బీరువాలో ఉంటుంది. శేషన్న సార్ ఎప్పుడైనా తెరవొచ్చు. అందులో కొత్త పేజీ పెట్టి కుట్టాడు. మిగిలిన రెండు కాగితాలనూ, కొత్తదాని అసలునూ పాతదాని కార్బనునూ, చించి కొవ్వొత్తికి అంటించాడు. లక్క కరిగించి ముద్ర వేశాడు. నాలుగు గంటల టపాకు కట్ట వెళ్ళిపోయింది.

ఆదివారం గోనెగండ్లలో తల్లి "సెలవా?" అంది. "సెలవే" అన్నాడు.

సోమవారం నుంచి మాదన్నకు రోజులు లెక్కపెట్టడమే పనైంది. ఇదివరకు ఎనభై తొమ్మిదికి ఎన్ని మిగిలాయా అని లెక్కపెట్టేవాడు. ఇప్పుడు పొద్దున పదకొండు గంటలకు టపా మనిషి సైకిలు స్టాండు వేసే చప్పుడు విని, సంచిలో కర్నూలు కవరు లేదని తెలిసేదాకా మిషను ఆపి, ఒక రోజు గడిచిందనుకునేవాడు. ఆ బీరువా అతని వీపు వెనకే ఉండేది. దాంట్లో యూసుఫ్ సాబ్ వినని మాటల కింద యూసుఫ్ సాబ్ సంతకం ఉంది. ఆ ఒక్క పేజీ లాగేస్తే అబద్ధం పోతుంది. తాళంచెవి సుబ్బన్న మొలతాడుకు ఉంటుంది. నిజం చెప్పిన కాగితం కర్నూలులో, అబద్ధం చెప్పిన కాగితం వీపు వెనక. రెండూ తన చేతి అక్షరాలే.

ఒకసారి సంతలో హులిగెమ్మ ఎదురైంది. పక్కన ఉచ్చీరమ్మ ఉంది, కుడిచేతి కొసను పైట చాటున పెట్టుకుని.

"పోయినాదా అణ్ణా?"

"పోయినాదక్కా."

"ఇరవై నాలుగు?"

"ఇరవై నాలుగే పోయినాది. నీ మాటే పోయినాది." ఇన్ని రోజుల్లో నీళ్ళు నమలకుండా అన్న మాట అదొక్కటే. ఉచ్చీరమ్మ అతన్ని ఎగాదిగా చూసి, "శెనక్కాయలు తిన్నావా?" అంది. తిన్నానన్నాడు. ఆ రాత్రి గదిలో కూర్చుని నిజంగానే ఒలుచుకుని తిన్నాడు. మెత్తబడిపోయాయి.

అరవై ఒకటో రోజున వచ్చింది. పొడుగాటి గోధుమరంగు కవరు. సుబ్బన్న దాన్ని చించి, అలవాటు ప్రకారం శేషన్న సార్ గది గుమ్మంలో నిలబడి గట్టిగా చదివాడు.

"'పై విషయమునకు సంబంధించి, తమ నివేదికలోని 41వ పేరా యందు పేర్కొనబడిన ఇనుప జాలీని స్వాధీనపరచుకొనుటకు, మిల్లు యాజమాన్యమునకు నోటీసు జారీ చేయుటకు…'"

"జాలీనా?" అంది లోపలి గొంతు. "జాలీ యాడిదిరా? మళ్ళా చదువు."

సుబ్బన్న మళ్ళీ చదివాడు. నలభై ఒకటో పేరా దగ్గర గొంతు కాస్త తగ్గించాడు.

"ఆఫీసు ప్రతి తే."

సుబ్బన్న మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. మాదన్న వీపు వెనక బీరువా కిర్రుమంది. కట్టను చంకలో పెట్టుకుని పోతూ, బల్ల దగ్గర ఒక్క అడుగు ఆగి, తలవంచకుండానే గొణిగాడు. "ఆ పొద్దు దారం సిక్కు పడల్యా అంటివే మాదన్నా."

మాదన్న మిషనులో ఎవరిదో సెలవు చీటీ ఉంది. ఒక లైను మిగిలింది. దాన్ని పూర్తిచేయడానికి చేతులు ఎత్తాడు గానీ వేళ్ళు దిగలేదు. లోపల కాగితాలు తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. తను కొట్టిన కాగితాలు, తను కుట్టిన కట్ట. ఎన్ని తిప్పితే ఎక్కడికి వస్తుందో అతనికి తెలుసు. ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు. శేషన్న సార్ వేలు తడుపుకుంటున్నాడు. ఇరవై మూడు, కింది మాట హులిగెమ్మ.

ఇంకొక్క కాగితం తిరిగింది. తర్వాత చప్పుడు లేదు.

మాదన్న పిలుపు కోసం ఎదురుచూడలేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు. చీటీలో మిగిలిన ఆ ఒక్క లైనూ నిలబడే కొట్టేశాడు.